డ్రెస్డెన్‌లో ఒక పిండం, కొన్ని చుక్కలు

జర్మనీలోని డ్రెస్డెన్‌లో, ఎల్బ్ నదికి దగ్గర్లోనే, మాక్స్ ప్లాంక్ వారి కణజీవశాస్త్ర సంస్థ ఉంది. నేను అక్కడికి వెళ్లింది ఒక పురుగు గుడ్డును చూడటానికి. సి. ఎలిగాన్స్ అనే ఆ నులిపురుగు మిల్లీమీటరు పొడవుంటుంది. ఒళ్లంతా పారదర్శకం. పరిశోధకురాలు ఒకరు సన్నని తీగతో అగర్ పళ్లెంలోంచి ఒక పురుగును ఎత్తి, నీటిబొట్టులో వేసి, సూదిమొనతో నడుము దగ్గర కోశారు. గుడ్లు బయటికొచ్చాయి. ఇంకా ఒకే కణంగా ఉన్నదాన్ని ఏరి మైక్రోస్కోపు కింద పెట్టి, దీపాలు ఆర్పేశారు.

తెరమీద 50 మైక్రాన్ల పొడవున్న కోలాకారపు కణం. లోపల పచ్చగా మెరిసే చుక్కలు. పీ గ్రాన్యూల్స్ అంటారు వాటిని. ప్రోటీన్లు, ఆర్ఎన్ఏలు కలిసిన ముద్దలు. ముందుముందు అండాలుగానో వీర్యకణాలుగానో మారే కణాలకే ఇవి చేరాలి. మొదట కణమంతా చెల్లాచెదురుగా ఉన్నాయి. కాసేపటికి తలవైపువి చిక్కిపోయి మాయమవసాగాయి. తోకవైపు కొత్తవి పుట్టి పెరిగాయి. కణం రెండయ్యేసరికి పచ్చదనమంతా వెనక కణంలోనే ఉంది. కళ్లు తిప్పుకోలేకపోయాను. వాటి చుట్టూ ఏ పొరా లేదు మరి!

అవి గట్టి రేణువులు కావనీ, ద్రవపు చుక్కలనీ 2009లో చెప్పినవారిలో ఈ సంస్థ వ్యవస్థాపక డైరెక్టర్లలో ఒకరైన ఆంథనీ హైమన్, క్లిఫర్డ్ బ్రాంగ్విన్, అదే ఊళ్లోని భౌతికశాస్త్రవేత్త ఫ్రాంక్ యూలిషర్ ఉన్నారు. రెండు చుక్కలు తాకితే ఒకటై గుండ్రంగా సర్దుకుంటాయి, చారు మీద పోపునూనె చుక్కలు కలిసిపోయినట్టు. భౌతికశాస్త్రంలో దీన్ని ఫేజ్ సెపరేషన్ అంటారు. ప్రోటీన్ ఒక మోతాదు వరకు కరిగే ఉంటుంది. అది దాటితే మిగిలినదంతా చుక్కలుగా పోగవుతుంది. పిండం చేసే పనల్లా ఆ హద్దును జరపడమే. తలవైపు ఎక్కువగా ఉండే మెక్స్-5 అనే ప్రోటీన్ అక్కడి ఆర్ఎన్ఏను తానే పట్టేసుకుంటుంది. ఆర్ఎన్ఏ తోడు లేక అక్కడి చుక్కలు కరిగిపోతాయి.

పొర లేనివి ఈ చుక్కలు మాత్రమే కాదు. కేంద్రకంలో రైబోజోములు తయారయ్యే కేంద్రకాంశానికీ పొర లేదని మనం బడిలోనే చదువుకున్నాం. అయినా అదెలా విడిగా నిలుస్తోంది? ఆ ప్రశ్న పాఠంలో ఉండేది కాదు. 1899లోనే ఎడ్మండ్ విల్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, కణంలోని పదార్థం ఒకదానిలో ఒకటి తేలే ద్రవాల కూర్పని రాశారు. ఆ చూపు మళ్లీ నిలదొక్కుకోవడానికి వందేళ్లు దాటాయి.

మధ్యాహ్నం మరో గదిలో ఎఫ్‌యూఎస్ అనే ప్రోటీన్‌ను చూపించారు. బాగా ఉప్పున్న ద్రావణంలో అది తేటగా ఉంది. ఉప్పు గాఢత తగ్గించగానే గొట్టం మసకబారింది. మైక్రోస్కోపులో చూస్తే గుండ్రని చుక్కలు, ఒకదాంట్లో ఒకటి కలిసిపోతూ. తర్వాత గంటల తరబడి నిలవ ఉంచినవాటిని చూపించారు. అవి తాకుతున్నాయి గానీ కలవడం లేదు. అంచుల్లోంచి పోగులు పొడుచుకొచ్చాయి. ఏఎల్ఎస్ రోగుల్లో కనిపించే ఒక మార్పు ఎఫ్‌యూఎస్‌లో ఉంటే ఈ గట్టిపడటం ఇంకా త్వరగా జరుగుతుందని 2015లో ఇక్కడివారే తేల్చారు. కండరాలను నడిపే నాడీకణాలను చంపే జబ్బు ఏఎల్ఎస్. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ప్రోటీన్ అదే, గడిచినది కాలం మాత్రమే.

మరి బతికున్న కణం ఈ గట్టిపడటాన్ని ఎలా ఆపుకుంటుంది? ఒక జవాబు 2017లో ఇక్కడినుంచే వచ్చింది. కణానికి ఇంధనమైన ఏటీపీ, ఎంజైములకు అవసరమైన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కణంలో ఉంటుంది. అంత మోతాదులో అది ప్రోటీన్లు గడ్డకట్టకుండా చూస్తుంది. వేడిచేసిన కోడిగుడ్డు తెల్లసొన మీద కూడా పరీక్షించి చూపించారు. ఇంధనమని మాత్రమే మనం చదువుకున్న అణువుకు ఇంకో పని ఉందన్నమాట. ఆ రోజు విన్నవాటిలో నన్ను ఎక్కువగా కదిలించింది ఇదే.

పరిశోధకురాలు మాత్రం జాగ్రత్త మనిషి. గుండ్రంగా మెరిసిన ప్రతి మచ్చనూ ఫేజ్ సెపరేషన్ ఖాతాలో వేయడం ఎక్కువైందని ఆవిడ బాధ. లేజరుతో వెలుగు చెరిపేశాక మచ్చ మళ్లీ మెరిస్తే చాలదు. హెక్సేన్‌డయాల్ అనే రసాయనం పోస్తే కరిగిందన్నదీ చాలదు, అది ఇంకా ఎన్నిటినో చెదరగొడుతుంది. ఏ మోతాదు దగ్గర చుక్కలు పుడుతున్నాయో కణంలోనే కొలవాలంటారు. తాను పరిశోధిస్తున్న ప్రోటీన్ మీద ఆ కొలతలు ఇంకా నడుస్తున్నాయట. అవి పూర్తయ్యేదాకా దాని బొమ్మలు చూపించనన్నారు.