అక్క వ్యాధి, చెల్లెలి రక్ష

బిడ్డకు గవదలు వాచినపుడు నీలిమందు పూసి యూరకుండుట మన యిండ్లలో వాడుక. ఆ వ్యాధి కొందఱు బిడ్డలకు చెవుడును, మెదడుపొరల వాపును దెచ్చునని మనలో నెందఱెఱుఁగుదురు?

దానికి టీకా కల్పించిన మారిస్ హిల్మన్ 1919లో అమెరికాలోని మాంటానాలో జన్మించెను. కవలచెల్లెలు మృతశిశువు, రెండుదినములకే తల్లియు గతించెను. బంధువుల యింట కోళ్ళను సాఁకుచుఁ బెరిగిన యీతఁడు, పిమ్మట కోడిపిండములయందే వ్యాధిబీజములఁ బెంచి, వాని బలముఁ దగ్గించి టీకాలు చేసెను.

1963లో నొకరాత్రి, అయిదేండ్ల కూఁతురు జెరిల్ లిన్ గవదల బాధతో తండ్రిని లేపెను. ఆతఁడామెను పరుండఁబెట్టి, ప్రయోగశాలకుఁ బోయి పరికరములు దెచ్చి, ఆమె గొంతులోని తేమను దూదిపుల్లతోఁ దీసి భద్రపఱచెను. బాధపడు బిడ్డచేత నోరు తెఱపించుట మాకుఁ గఠినముగనే తోఁచినది. కాని దానినుండి పుట్టిన టీకాయే చిన్నచెల్లెలికి వేయఁబడెను. శిశువులఁ జంపిన పూతన కథ చదివితిమి గాని, అక్క వ్యాధి చెల్లెలికి రక్షయైన కథ మేమెందును జదువలేదు.

1967లో నది ప్రజలకందెను. 1971లో తట్టు, రుబెల్లా టీకాలతో నొక్క సూదిమందులోఁ గలిసెను. నలువదికిఁ బైగా టీకాలు చేసిన హిల్మన్ 2005లో మరణించెను. ఆయన పే రెఱిఁగిన తల్లు లరుదు. టీకాబీజమును మాత్రము వైద్యులు నేఁటికిని జెరిల్ లిన్ అనియే పిలుచుచున్నారు.