బండి ఎందుకు ఆగింది?

మాది బళ్ళారి జిల్లాలోని ఎమ్మిగనూరు. ఈ పేరు వినగానే చాలామంది "మగ్గాల ఊరు కదా!" అంటారు. నేత బట్టలకు పేరు పొందిన ఎమ్మిగనూరు కర్నూలు జిల్లాలో ఉంది. మాది తుంగభద్ర కాలువ నీటితో వరి పండే ఊరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజే బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. అందువల్ల మాకు ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. బండి భాగాల పేర్లకు మాత్రం ఈ తేడా లేదు. ప్లగ్గు, క్లచ్చి, కార్బరేటరు అంటే ఇంట్లోనూ సంతలోనూ అందరికీ తెలుసు.

పల్లెలకు మోపెడ్ వచ్చాక బతుకు తీరు చాలా మారింది. మనదేశంలో 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50 వచ్చాయి. అంతవరకు సైకిలు మీదనో, ఎద్దుల బండి మీదనో సాగిన పనులు ఈ చిన్న బండ్ల మీదికి ఎక్కాయి. గడ్డిమోపు, ఎరువు మూట, పాలక్యాను, బడికి పోయే పిల్లలు, అన్నింటినీ అవి మోశాయి. బరువు తక్కువ, ఖర్చు తక్కువ. ఇంజను కూడా చిన్నదే. కానీ ఆ చిన్న ఇంజను మొరాయించిన రోజు ఇల్లంతా దిగాలుపడేది.

1990ల నాటి సంగతి ఇది. మాకు నాలుగు ఎనుములు ఉండేవి. మా నాయన తెల్లవారుజామునే పాలు పిండించి, రెండు క్యాన్లు మోపెడ్‌కు కట్టుకొని కంప్లికి పోయి, టీ హోటళ్ళకు పోసి వచ్చేవాడు. ఆ బండిని ఆయన పాతదిగానే కొన్నాడు. పాలకు ఒక గుణం ఉంది. అవి ఎవరి కోసమూ ఆగవు. ఎండ ఎక్కేలోగా చేరితే డబ్బు, చేరకపోతే విరిగిన పాలు. ఆ డబ్బుతోనే మా ఇంట్లో తవుడు, పలక, పుస్తకం అన్నీ రావాలి.

ఒక వానకాలం రాత్రంతా జోరున కురిసింది. మరునాడు బండి కదలలేదు. నాయన కిక్కు కొట్టి కొట్టి అలసిపోయాడు. ఊళ్ళో ఒక మెకానిక్కును పిలిచాడు. అతడు కార్బరేటరు అడుగున ఉన్న చిన్న గిన్నె విప్పి చూశాడు. పెట్రోలు కింద నీటి బొట్లు మెరుస్తున్నాయి. నీరు పెట్రోలు కంటె బరువు గనుక అడుగున చేరుతుంది. జెట్టు అనే సన్నని రంధ్రం ఆ అడుగునుంచే ఇంధనాన్ని లాగుతుంది. కనుక ఇంజనులోకి పెట్రోలుకు బదులు నీరు పోయింది. గిన్నె తుడిచి, ట్యాంకు అడుగునున్న నీరు తీసేసి, ప్లగ్గు ఆరబెట్టగానే బండి నడిచింది. "ట్యాంకు మూత రంధ్రంలోనుంచి వాననీరు పోయింది" అన్నాడు అతడు.

ఆ సాయంత్రమే నాయన ఆ రంధ్రంలో బట్టల సబ్బు మెత్తగా పిసికి అద్దాడు. మా వైపు ట్యాంకు కారితే సబ్బు రుద్దడం అందరికీ అలవాటే. పెట్రోలుకు సబ్బు కరగదు. ఆ తరువాత ఎన్ని వానలు పడినా చుక్క నీరు పోలేదు.

కానీ నాలుగు రోజులకు కొత్త బాధ మొదలైంది. బండి ఒక్క కిక్కుకే లేస్తుంది. మూడు నాలుగు కిలోమీటర్లు చక్కగా పోతుంది. తరువాత గొంతు బిగిసినట్టు మూలిగి ఆగిపోతుంది. ఎంత కొట్టినా లేవదు. పది నిమిషాలు చెట్టు కింద నిలబెడితే మళ్ళీ లేచి, మళ్ళీ కొంతదూరం పోయి ఆగుతుంది. వారంలో రెండుసార్లు పాలు విరిగాయి. ఒక హోటలువాడు వేరేచోట వాడుక పెట్టుకున్నాడు.

పట్నంలో మరో మెకానిక్కు బండి చూసి, "వేడెక్కి ఆగుతోంది. రింగులు అరిగాయి, బోరు చేయించాలి" అన్నాడు. అతడు చెప్పిన డబ్బుకు మా పడ్డను అమ్మక తప్పదని తేలింది. కొన్ని నెలల్లో ఈనవలసిన పడ్డ అది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

మా చిన్నాయన కాలువ గట్ల మీద నీటి పంపుల ఇంజన్లు బాగుచేసేవాడు. సంగతి విని మరునాడు వచ్చాడు. వచ్చీరాగానే పానా పట్టుకోలేదు. ముందు నాయనను ప్రశ్నలు అడిగాడు.

"అన్నా, లేవడం కష్టమా, నడిచి ఆగడమా?"

"లేస్తుందప్పా. నడిచి ఆగుతుంది."

"ఎప్పుడు తొందరగా ఆగుతుంది?"

నాయన ఆలోచించి చెప్పాడు. "అదే వింతరా. పెట్రోలు నిండా పోయించిన రోజే బిరీన ఆగుతుంది. తక్కువ ఉన్న రోజు ఇంకా కొంచెం దూరం పోతుంది."

చిన్నాయన నవ్వి, "అయితే పా, ఆగేచోటికే పోదాం" అన్నాడు. నన్నూ వెంట రమ్మన్నాడు. నేను సైకిలు తొక్కుకుంటూ వెనుక పోయాను. బండి ఎప్పటిలాగే ఆగింది. ఆయన కిక్కు కొట్టలేదు. రోడ్డు పక్కకు తీసి, నాకు చెబుతూ ఒక్కొక్కటే చూశాడు.

"ఒరే, ఏ పెట్రోలు ఇంజనుకైనా మూడు కావాలి. పెట్రోలు కలిసిన గాలి, దాన్ని నొక్కే బలం, సమయానికి నిప్పురవ్వ. ఆగిందంటే ఈ మూడింటిలో ఒకటి లేదని అర్థం. ఏది లేదో తెలిసేదాకా దేన్నీ మార్చగూడదు."

మొదట గుడ్డతో పట్టుకొని వేడి ప్లగ్గు విప్పాడు. దాన్ని ఇంజను లోహానికి ఆనించి మెల్లగా కిక్కు తిప్పాడు. నీలంగా రవ్వ చిటపటలాడింది. "రవ్వ ఉంది. కాయిలు వేడికి చెడి ఉంటే ఈ వేళకు రవ్వ రాదు" అన్నాడు. తరువాత ప్లగ్గు మొన చూపాడు. అది పొడిగా ఉంది. "తడిగా ఉంటే పెట్రోలు వచ్చి కూడా మండలేదని అర్థం. పొడిగా ఉంది గనుక పెట్రోలే రాలేదు."

పిమ్మట ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు గట్టిగా పెట్టి కిక్కు కొట్టమన్నాడు. గాలి ఆయన వేలిని ఎగదన్నింది. "చూడన్నా, ఇంత బలం ఉంటే బోరు ఎందుకు పోతుంది? రింగులు అరిగితే వేలు ఇట్ల ఎగరదు." నాయన ముఖంలో అప్పుడే సగం బరువు దిగింది.

ప్లగ్గు మళ్ళీ బిగించి, రవ్వ పని ముగిసిన తరువాతనే, కార్బరేటరుకు వచ్చే పెట్రోలు పైపు లాగి సీసాలో పెట్టాడు. రవ్వనూ పెట్రోలునూ ఒకచోట చేర్చగూడదని నాకు గట్టిగా చెప్పాడు. పైపునుంచి రెండు చుక్కలు రాలి ఆగిపోయాయి. ట్యాంకులో మాత్రం పెట్రోలు నిండుగా ఉంది! అప్పుడు ఆయన ట్యాంకు మూత తిప్పాడు. "ఉస్సు"మని గాలి లోపలికి దూరింది. ఆ క్షణమే పైపునుంచి పెట్రోలు ధారగా పడింది.

ట్యాంకునుంచి పెట్రోలు కిందికి దిగాలంటే, దిగినంత చోటులోకి గాలి రావాలి. గాలి రాకపోతే పైన ఒత్తిడి తగ్గిపోతుంది. సముద్రమట్టం వద్ద గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువుతో నొక్కుతుంది. 1643లో ఇటలీ శాస్త్రజ్ఞుడు టారిచెల్లి పాదరసపు గొట్టంతో ఈ ఒత్తిడిని చూపాడు. ట్యాంకులో ఉన్న పెట్రోలు ఎత్తు జానెడు కూడా లేదు. పైన ఒత్తిడి కొద్దిగా తగ్గినా బయటి గాలి దాన్ని దిగనీయదు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు పైనున్న గాలి కొంచెమే గనుక, కాస్త పెట్రోలు దిగేసరికే ఒత్తిడి పడిపోతుంది. నాయన గమనించిన వింతకు కారణం ఇదే. సబ్బు సందులోనుంచి గాలి సన్నగా దూరేది గనుక పది నిమిషాల తరువాత బండి మళ్ళీ లేచేది. వాననీటిని ఆపిన మందే గాలిని కూడా ఆపింది.

ఇంటికి వచ్చి చెబితే మా జేజి బుగ్గలు నొక్కుకుంది. "నూనె డబ్బాకు ఒక చిల్లి పెడితే నూనె గుటకలు పడుతుందని, రెండో చిల్లి పెడతాం గదరా! ఈ మాత్రానికి పడ్డను అమ్మేవారా?" అంది. మేమంతా నవ్వాము. ఇంట్లో రోజూ కనిపించే డబ్బా, రోడ్డు మీద ఆగిన బండి ఒకే సూత్రం చెబుతున్నాయని నాకు ఆ రోజే తెలిసింది. మీరూ చేసి చూడవచ్చు. సీసా నిండా నీరు పోసి, మూతకు సన్నని రంధ్రం ఒకటే పెట్టి తలకిందులు చేయండి. ధార నిలిచిపోతుంది. సీసా అడుగున మరో రంధ్రం పొడిస్తే నీరు చక్కగా కారుతుంది.

సూదితో సబ్బు తీయడానికి రెండు నిమిషాలు పట్టింది. వానకు బండి మీద పాత గోనెపట్టా, దానిపై ప్లాస్టిక్ కాగితం కప్పడం నేర్చుకున్నాము. పడ్డ మా కొట్టంలోనే ఈనింది.

ఇంతటి చిన్న పనిముట్టు పెద్ద ప్రయాణాన్ని నిలబెట్టిన కథ ఒకటి చరిత్రలోనూ ఉంది. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే తల్లి, తన భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మోటారు బండిలో ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుండి ఫోర్ట్‌జ్‌హైమ్‌కు, వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసింది. దారిలో ఇంధనపు గొట్టం పూడుకుపోతే తన టోపీ సూదితో శుభ్రం చేసుకుంది. ఇంధనం అయిపోతే వీస్‌లోక్‌లో మందుల అంగడిలో కొన్నది. ఆ రోజుల్లో దారిలో మెకానిక్కులు లేరు. ఎక్కడ ఏమి అడ్డుపడిందో ఆలోచించడమే ఆమెకు తోడు.

2020 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో కొత్త బండ్లకు భారత్ స్టేజ్ 6 నియమాలు వచ్చాయి. వాటిలో చాలావాటికి కార్బరేటరు పోయి, ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టరు వచ్చింది. అయినా పొలాల్లో మందు కొట్టే యంత్రాలు, గడ్డి కోసే యంత్రాలు, పెద్ద ఊళ్ళలో పిల్లలు సరదాకు తోలే నాలుగు చక్రాల చిన్న బండ్లు ఇంకా చాలావరకు పాత పద్ధతివే. అవి లేవకపోయినా, నడిచి ఆగినా అడగవలసిన ప్రశ్నలు మారలేదు. పెట్రోలు వస్తున్నదా? రవ్వ ఉన్నదా? నొక్కుడు బలం ఉన్నదా? అన్నిటికంటె ముందు, బాధ మొదలు కావడానికి ముందు ఏమి మారింది?

అయితే పెట్రోలు పిల్లల ఆటవస్తువు కాదు. వేడి ఇంజను దగ్గరికి, తెరిచిన ట్యాంకు దగ్గరికి పెద్దలు లేకుండా పోరాదు. పెద్దలు చేస్తున్నప్పుడు పక్కన నిలబడి చూడండి, ప్రశ్నించండి. తెలియని చోట విడిభాగాలు మార్చేవాడికి డబ్బు ఖర్చవుతుంది. కారణం వెదికేవాడికి కొంత ఓపిక ఖర్చవుతుంది. పేదవాడి ఇంట్లో ఈ రెండింటి మధ్య తేడా ఒక పాడి పశువంత ఉంటుంది.