పడవ మీద పద్నాలుగు రోజులు

మీ ఇంట్లో రోజుకు ఎన్ని లీటర్ల నీళ్లు ఖర్చవుతాయో ఎప్పుడైనా లెక్క వేశారా? కుళాయి తిప్పితే నీళ్లు వచ్చేచోట ఆ అవసరం రాదు. పడవ మీద బతకవలసి వస్తే మొదటి రోజే వస్తుంది.

అండమాన్ దీవుల్లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారని మీరు వినే ఉంటారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపలవేటకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో కనిపిస్తాయి. ఆ ఊరి పేరును 2024లో శ్రీ విజయపురంగా మార్చారు. మాదీ అలాంటి కుటుంబమే.

2020 మార్చిలో సొంత ఊళ్లో పెళ్లి చూసుకుని, చిన్నాన్న, బావ, తమ్ముడు, నేను చెన్నైలో ఓడ ఎక్కి వచ్చాం. అప్పటికే కరోనా భయం మొదలైంది. బయటి నుంచి వచ్చినవాళ్లు 14 రోజులు విడిగా ఉండాలన్నారు. విడిగా ఉండాలంటే విడిగది కావాలి కదా! మా ఇళ్లు ఒంటిగది ఇళ్లు. అందులోనే ముసలివాళ్లు, పిల్లలు. అందుకని రేవులో లంగరు వేసి ఉన్న మా పడవలోనే ఉండిపోయాం. అయిదో రోజున, మార్చి 25న, దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది.

ఇలా విడిగా ఉండడం కొత్త సంగతి కాదు. 1377లో రగూసా అనే రేవుపట్నంలో, తెగులు ఉన్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లను 30 రోజులు బయటే ఆపాలని చట్టం చేశారు. ఇప్పుడు ఆ ఊరు క్రొయేషియా దేశంలో ఉంది; పేరు డుబ్రోవ్నిక్. తరవాత ఆ గడువు 40 రోజులైంది. క్వారంటైన్ అనే మాట ఇటలీ భాషలో నలభైకి ఉన్న పేరు నుంచే పుట్టింది.

ఇక మా రోజు ఎలా గడిచేదో చెబుతాను. అండమాన్‌లో అయిదున్నర కాకముందే తెల్లవారుతుంది. లేవగానే పడవ అడుగున ఊరిన నీటిని తోడిపోయాలి. తరవాత లంగరుతాడు చూడాలి. ఇంచుమించు ఆరు గంటలకోసారి పోటు, ఆటు మారుతుంటాయి. పోటుకు తాడు వదలాలి, ఆటుకు బిగించాలి. రాత్రిపూట కూడా ఒకరు మేలుకొని ఈ పని చూడవలసిందే. పగలు వల బాగుచేసుకోవడం, గాలం వేసి కూరకు నాలుగు చేపలు పట్టుకోవడం, కిరసనాయిలు పొయ్యి మీద వంట. సాయంత్రం అయిదున్నరకే పొద్దు గుంకేది.

మంచినీళ్లు ఇంటివాళ్లు తెచ్చి గట్టుమీద పెట్టి వెళ్లేవాళ్లు. వాళ్లు దూరంగా జరిగాక మేం వెళ్లి తెచ్చుకునేవాళ్లం. రోజుకు ఒకే క్యాను, 20 లీటర్లు. మనిషికి 3 లీటర్ల చొప్పున తాగడానికి 12, వంటకు 5, ఆఖరి కడుగుకు 3. గిన్నెలు, బట్టలు, స్నానం అన్నీ ముందు సముద్రపు నీళ్లతోనే. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అందులో మామూలు సబ్బు నురగ రాదు. ఆ నీటితో ఉతికి వదిలేస్తే బట్టలు సరిగా ఆరవు. వాటిలో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

రెండో రోజే నీళ్ల దగ్గర మాటామాటా వచ్చింది. అప్పుడు బావ ఒక బొగ్గుముక్కతో చెక్కమీద నాలుగు గళ్లు గీశాడు. ఎవరు ఎన్ని గ్లాసులు ముంచితే వారి గడిలో అన్ని గీతలు. చిన్నాన్న బడికి వెళ్లినవాడు కాదు.

“ఈ గీతలన్నీ ఎవరు లెక్కపెడతార్రా? అంకె వెయ్యండి, నేనూ నేర్చుకుంటాను,” అన్నాడు. నాలుగు రోజుల్లో అంకెలు నేర్చి, లెక్క తానే రాయసాగాడు.

ఆరో రోజున తమ్ముడికి జ్వరం వచ్చింది. మా అందరికీ నోట మాట లేదు. ఫోనులో డాక్టరును అడిగితే, అతన్ని దూరంగా పడుకోబెట్టి నీళ్లు ఎక్కువగా తాగించమన్నారు. ఉన్నది ఒక్క క్యానే. ఎక్కువ నీళ్లు ఎక్కడివి? చిన్నాన్న చెక్క ముందు కూర్చొని లెక్క మార్చాడు. తమ్ముడికి 5, మిగతా ముగ్గురికి 9, వంటకు 4, కడుగుకు 2. మొత్తం 20. అన్నం వార్చకుండా గంజితోనే తిన్నాం. అంతకుముందు గ్లాసు నీళ్లకు వాదులాడుకున్న మాలో ఒక్కరూ ఎదురు చెప్పలేదు. మూడు రోజులకు జ్వరం తగ్గింది. పరీక్షలో కరోనా కాదని తేలింది.

ఆ రోజుల్లోనే గుజరాత్‌లోని వేరావల్ రేవులో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల మత్స్యకారులు వేలమంది పడవల్లోనే చిక్కుబడి ఉన్నారు. వాళ్లు బస్సుల్లో సొంత ఊళ్లకు చేరేసరికి ఏప్రిల్ నెలాఖరు దాటింది. మాకు గట్టుమీద ఇంటివాళ్లు కనిపిస్తూ ఉండేవారు. వాళ్లకు ఆ ఊరటా లేదు.

ఉన్నది కొంచెమే అయినప్పుడు అందరికీ కనబడేలా లెక్క రాసి పెట్టుకుంటే తగవు తగ్గుతుంది. కష్టంలో ఉన్నవారికి ఎంత ఎక్కువ ఇవ్వగలమో కూడా ఆ లెక్కే చెబుతుంది. మీరు నేర్చుకుంటున్న అక్షరాలూ అంకెలూ ఇలాంటి పనులకే. ఈ వారం మీ ఇంటి నీళ్ల లెక్క రాసి, ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.