వారసత్వంలో తేలిక, బరువు

వారసత్వమనగానే ఆస్తి స్ఫురిస్తుంది. దాని వెంట వచ్చే బాధ్యతలు ఆలస్యంగా తెలిసివస్తాయి. తెలుగు బోధించే మేము కంప్యూటరు విద్యార్థుల నోటుపుస్తకాలలో క్లాసుల వంశవృక్షాలను చూచినపుడు మాకు తోచిన మాట ఇదే.

1996లో వెలువడిన జావా తొలి కూర్పులో తెరమీది ప్రతి బటను వెనుక ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెందిన మరొక బటను ఉండేది. అందుచేత యంత్రం మారితే బటను రూపమూ మారేది. వీటిని బరువైన భాగాలన్నారు. 1997 నాటి 1.1 కూర్పులో కాంపోనెంట్, కంటైనర్ అనే క్లాసుల నుండి నేరుగా క్రొత్త భాగాలను పుట్టించే వీలు కలిగింది. ఇవి తమను మోసే కిటికీలోనే తమ బొమ్మను తామే గీసుకొంటాయి. ఇవే తేలిక భాగాలు.

1998 డిసెంబరులో జావా 1.2తో వచ్చిన స్వింగ్ ఈ పునాదిమీదనే లేచింది. అందులోని జేబటన్, జేమెనూఐటమ్ రెండూ ఆబ్‌స్ట్రాక్ట్‌బటన్ సంతతి. నొక్కితే స్పందించడం రెండింటి స్వభావమే గనుక ఆ బంధుత్వం న్యాయమైనది. వ్రాత ఏ దిశగా సాగాలో తెలిపే గుణాన్ని మూలమైన కాంపోనెంట్‌లోనే ఉంచినందున ఉర్దూకు తగిన కుడి-ఎడమ అమరిక సంతతి అందరికీ లభించింది. ఇది మేలైన ఆస్తి.

అయితే స్వింగ్ భాగాలకు మూలమైన జేకాంపోనెంట్, కంటైనర్ నుండి పుట్టింది. కనుక చిన్న పేరుపలక వంటి జేలేబుల్‌కు సైతం ఇతర భాగాలను తనలో చేర్చుకొనే అధికారం సంక్రమించింది. అది దానికి అక్కరలేని బరువు. మరొకవైపు జేఫ్రేమ్ బరువైన ఫ్రేమ్‌కు పుట్టింది. జావాలో క్లాసుకు తల్లి ఒక్కతే గనుక అది జేకాంపోనెంట్ కుటుంబంలో చేరలేకపోయింది. అందుకే జేరూట్‌పేన్ అనే తేలిక భాగాన్ని జేఫ్రేమ్ తనలో ఉంచుకొని పని నడుపుకొన్నది.

మన వ్యాకరణం ఈ భేదాన్ని ఎరుగును. నల్లకలువ కలువయే, అది కర్మధారయం. ముక్కంటి కన్ను కాదు, మూడు కన్నులు గలవాడు; అది బహువ్రీహి. 'అగుట'కు వారసత్వం తగును, 'కలిగియుండుట'కు తగదు.

ఈ విచారణ ముందే జరగాలి. లోకమంతటా ప్రోగ్రాములు ఒక వంశవృక్షంపై ఆధారపడిన పిదప తల్లిని మార్చడం దుస్సాధ్యం. జేలేబుల్ నేటికీ కంటైనర్‌గానే ఉన్నది. క్లాసు పేరు ప్రక్కన ఎక్స్‌టెండ్స్ అని వ్రాయబోయే ముందు మా విద్యార్థులు ఒక్కసారి విగ్రహవాక్యం చెప్పుకొందురు గాక.