ఈద్ కార్డుల చిరునామాలు

చేతిలో సెల్‌ఫోను ఉండగా పండుగకు కార్డులెందుకని విద్యార్థులు నన్ను అడుగుతుంటారు. ఒకే వాక్యాన్ని వందమందికి ఒక్కమారు పంపితే అది ఎవరినీ ఉద్దేశించినట్లుండదని నా అభిప్రాయం. ఏటా రంజాన్ మాసం సగం గడిచేసరికి చిరునామాల పుస్తకం దిద్దుకోవడం నాకు అలవాటు.

ఆ పుస్తకానికి అకారాది క్రమం పనికిరాదు. తెలుగునాట ఇంటిపేరు ముందు వ్రాస్తాము. మావారిలో ఇంటిపేరుగా నిలిచేవి తరచుగా షేక్, మహమ్మద్, సయ్యద్ వంటి నాలుగైదు మాటలే. అకారాదిగా కూర్చితే 'ష' పుట క్రిక్కిరిసింది. 'క' మొదలు 'బ' వరకు పుటలు బోసిగా మిగిలాయి. ఉర్దూ శాఖలోని మిత్రుడు అలిఫ్, బే వరుసను సూచించారు. అక్కడ షీన్ పుటకూ అదే గతి పట్టింది! చివరకు పేర్లు విడిచి పిన్ కోడ్ ప్రకారం అమర్చాను. 1972 ఆగస్టు 15న అమలులోనికి వచ్చిన ఈ ఆరంకెల పద్ధతిని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలణ్‌కర్ సంస్కృత కవి కూడా కావడం భాషాధ్యాపకుడనైన నాకు కించిత్ గర్వకారణం. 2022లో నూజివీడు కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాలోనికి మారింది; 521201 మాత్రం మారలేదు.

హిజ్రీ సంవత్సరం సుమారు పదకొండు రోజులు చిన్నది గనుక కార్డు వేయవలసిన రోజు ఏటేటా మారుతుంది. 2019లో పండుగ జూన్ 5న వచ్చింది. తోటలు గుత్తకు తీసుకొన్నవారు కావలికై అక్కడే పాకలలో ఉండడంవల్ల ఇంటికి చేరిన కార్డు మనిషికి వెంటనే చేరలేదు. 2025లో మార్చి 31నే వచ్చింది. అప్పటికి కాయ ఇంకా ముదరలేదు.

ఆగిరిపల్లి వైపు తోట రైతు ఒకరు నా కార్డుకు బదులుగా, పండు తయారైనప్పుడు, గంపెడు చిన్నరసాలు పంపేవారు. ఆయన కాలం చేశారు. పేరుపై గీత గీయబోయి ఆగాను. ఆ గీతతో ఆయన భార్య, ఆ ఇల్లు కూడా నా పుస్తకం నుండి తొలగిపోతాయి గదా! ఆమె పేరేమిటని కుమారుని అడిగాను. "అమ్మ పేరున ఎవరు వ్రాస్తారు సార్? నా పేరున వేయండి" అన్నాడు. పట్టుబట్టి ఆమె పేరే తెలుసుకొని వ్రాశాను. పోస్టుమన్ ఆ కార్డు పట్టుకొని ఊళ్ళో ముగ్గురిని విచారించవలసి వచ్చిందట. ఊరందరికీ ఆమె ఫలానావాని తల్లి మాత్రమే. తన పేరున ఉత్తరం రావడం అదే మొదటిసారి అని మనుమరాలిచేత ఫోను చేయించి చెప్పింది.

కళాశాల సంఘం వారికి నా మనవి ఒకటి ఉంది. మరణించిన సిబ్బంది పేర్లతోపాటు వారి కుటుంబాలు మన కార్డుల పట్టిక నుండి జారిపోతున్నాయి. వివాహమైన పూర్వ విద్యార్థినుల కార్డులు నేటికీ తండ్రిగారి ఇంటికే పోతున్నాయి. పట్టికలో ఇల్లాలి స్వంత పేరుకు ఒక గడి, ప్రస్తుత చిరునామాకు ఒక గడి చేర్చవలెను. తెలుగు శాఖ విద్యార్థినుల పుటలు నేను పూర్తిచేసి ఇస్తాను. ఇప్పటికి పదునేడుగురి చిరునామాలు దొరికాయి.