పటము

మా ఇంటి హాలు గోడమీద పదేళ్ళుగా శ్రీరామ పట్టాభిషేకం వేలాడుతున్నది. రాహుకేతు పూజకని శ్రీకాళహస్తి వెళ్ళినప్పుడు నా శ్రీమతి ముచ్చటపడి కొన్న కలంకారీ గుడ్డ అది. ఆమె ఇప్పుడు లేదు.

మొన్న వేసవిలో రసాల కోసం మైలవరం వచ్చిన మా అమ్మాయి ఆ గుడ్డను తేరిపార చూసి, “నాన్నగారూ, దీన్ని జాకెట్టు కుట్టించుకుంటాను. సీతమ్మ ముఖం సరిగ్గా వీపుమీదికి వస్తుంది” అన్నది. దేవుడి బొమ్మకు కత్తెర పెడతావా అని కసిరాను. “అమ్మ గోడకు కట్టింది. నేను ఒంటికి కట్టుకుంటే తప్పా?” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంస్కృతంలో పటమంటే వస్త్రం. తెలుగులో పటమంటే బొమ్మ. ఇన్నేళ్ళు పిల్లలకు అర్థాలు చెప్పిన నేను ఆ రెంటినీ ఒకచోట పెట్టి చూసుకోలేదు!

శ్రీకాళహస్తిలో గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో తడిపి ఆరబెట్టి, ఇనుపముక్కలు బెల్లపునీటిలో ఊరవేసిన కసిమితో వెదురు కలం పట్టి గీస్తారు. గుడిలో వేలాడదీసే గుడ్డలవి. సన్నగిల్లిన ఆ విద్యకు 1950ల దశకంలో కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో మళ్ళీ ఊపిరి వచ్చింది. మా ఉమ్మడి కృష్ణాజిల్లా పెడనలోనో, కలమే లేదు. చెక్క అచ్చులతో అద్దకం. పేరు మాత్రం కలంకారీయే! అక్కడ దేవుళ్ళకన్న పూలు, లతలే ఎక్కువ. ఒకప్పుడు మన తీరం నుంచి ఓడలెక్కిన ఇటువంటి గుడ్డలే సీమదొరల పడకగదులలో తెరలైనాయి, దొరసానుల గౌనులైనాయి. అక్కడి నేతగాళ్ళు మొరపెట్టుకోగా, 1721లో ఆంగ్ల పార్లమెంటు రంగులద్దిన నూలుగుడ్డ ఒంటిమీదనే కాదు, ఇంటి సామగ్రిలోనూ ఉండరాదని శాసించింది. ఆ చట్టానికి తెలిసిన తెలివి నాకు లేకపోయెనే అనుకున్నాను. అయినా సీతమ్మ ముఖం కుర్చీకి ఆనుతుందంటే మనసొప్పలేదు. ఇది పండితుడి చాదస్తమే, కాదనను.

తెల్లవారి గుడ్డ దింపి అమ్మాయి చేతికిచ్చి, “చుట్టూ ఉన్న లతల అంచు తీసుకో, మూర్తులను ఉంచు” అన్నాను. కాసేపు మూతి ముడిచి, ఒప్పుకున్నది. దర్జీ కత్తెర వేసేటప్పుడు నేను బయట నిలబడ్డాను.

అంచు పోయిన పట్టాభిషేకం మళ్ళీ గోడకెక్కింది. రాములవారు కొంచెం ఇరుకుగా కూర్చున్నట్లున్నారు. చుట్టూ అంచు కప్పినంత మేర సున్నం కొత్తగా, తెల్లగా కనిపిస్తున్నది. వెల్ల వేయిద్దామంటే ఎందుకో వాయిదా వేస్తున్నాను.