రైలు ఆగే గాలి

రామేశ్వరంలో 22 తీర్థాల స్నానమూ రామనాథస్వామి దర్శనమూ ముగించుకుని, ధనుష్కోటి చూద్దామని ఆటోలో బయల్దేరాం. మార్గశిర మాసం. ఈశాన్యపు గాలి సముద్రం మీంచి నేరుగా ఒడ్డుకు కొడుతోంది. దారిలో తీరం మీద రెండు పెద్ద కైట్‌లు కనబడితే ఆటో ఆపించాను.

కైట్‌బోర్డింగ్‌ని అంత దగ్గరగా చూడడం అదే మొదలు. పది చదరపు మీటర్ల కైట్. ఇరవై మీటర్లు దాటిన పొడుగాటి తాళ్లు దాన్ని ఆటగాడి నడుముకు బిగించిన పట్టీతో కలుపుతాయి. కాళ్ల కింద బోర్డు. గాలి లాగుతుంటే కుర్రాళ్లు అలల మీద జారుకుంటూ పోయి, ఉన్నట్టుండి పైకి లేచి, మళ్లీ నీళ్లమీద వాలుతున్నారు. చూస్తుంటే ఒళ్లు పులకరించింది.

అంతలో ఆట నేర్పే యువకుడు చేతులూపి అందరినీ ఒడ్డుకు పిలిచేశాడు.

"గాలి ఇప్పుడే కదా బాగా అందుకుంది, అప్పుడే దించేస్తున్నారేం బాబూ?" అని అడిగాను.

"ఆ నల్లమబ్బు చూడండి సార్. అది మీదికొచ్చాక దించుదామంటే దించనివ్వదు," అన్నాడు, యాత్రికులతో మాట్లాడి నేర్చుకున్న తెలుగులో.

కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు. గాలి వేగం రెట్టింపయితే దాని బలం నాలుగింతలవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల గాలికి సరిపోయే కైట్, 60 కిలోమీటర్ల గాలిలో మనిషి అదుపులో ఉండదు. ఉరుముల మబ్బులోంచి చల్లగాలి కిందికి విరుచుకుపడి, నేలను తాకి నలువైపులా పరుగెడుతుంది. వానచినుకు కంటే ముందే ఆ ఈదురుగాలి వచ్చేస్తుంది. కైట్‌ని వదిలించుకునే మీట పట్టీ దగ్గరే ఉంటుంది. కాని దాన్ని లాగాల్సింది కాళ్లు నీళ్లలో ఉండగానే. పైకి లేచిపోయాక వదిలితే ఆ ఎత్తు నుంచి పడాలి, వదలకపోతే గాలి ఎటు విసిరితే అటు పోవాలి. ఒడ్డువైపు వీచే గాలిలో నీళ్లు దాటాక ఎదురయ్యేవి చెట్లు, గోడలు, కరెంటు తీగలు.

2008 ఆగస్టులో ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో జరిగిందదే. ఫే తుఫాను గాలుల్లో కైట్ ఎగరేసిన ఒకతన్ని గాలి ఎత్తి ఇసుకలో కొట్టింది, ఈడ్చుకుపోయి, రోడ్డు దాటించి భవనానికి మోదింది. తీవ్రంగా గాయపడినా బతికాడు. ఆ వీడియో చూపించనిదే ఈ యువకుడు ఎవరి చేతికీ కైట్ ఇవ్వడట.

మేం ధనుష్కోటి చేరేసరికి వాన వెలిసింది. పైకప్పు లేని చర్చి, మొండిగోడలు మిగిలాయి. 1964 డిసెంబరు 22 రాత్రి పెనుతుఫాను ఈ ఊరిని తుడిచిపెట్టింది. స్టేషన్‌కి వస్తున్న పాసింజరు రైలును ఉప్పెన ముంచేసింది. అందులో ఉన్న వందమందికి పైగా చనిపోయారు. ఇనుప పెట్టెలకే దిక్కులేని చోట, గుడ్డకు వేలాడే మనిషి మాటేమిటి?

తిరుగుప్రయాణంలో పాంబన్ దాటుతుంటే తోటి ప్రయాణికుడొకాయన పాత రైలువంతెన చూపించి అక్కడి నియమం చెప్పాడు. గాలి గంటకు 58 కిలోమీటర్లు దాటిందని గాలివేగం కొలిచే పరికరం చూపగానే రైళ్లు ఆపేసేవారు. ప్రయాణికులు ఎంత తొందరలో ఉన్నా సరే.

కేప్‌టౌన్ వంటి చోట్ల ఆరితేరినవాళ్లు అంతకంటే పెద్ద గాలిలో ఎగరడం నిజమే. వాళ్ల కైట్ చిన్నది, పక్కనే రక్షణ సిబ్బంది ఉంటారు. తుఫాను గాలికి వేగంతో పాటు నిలకడలేనితనం కూడా ఉంది. క్షణంలో మారే బలాన్ని ఏ నైపుణ్యమూ ముందుగా పసిగట్టలేదు. అందుకే తుఫాను హెచ్చరిక ఉన్నరోజు కైట్ సంచిలోంచి తియ్యకూడదు. మబ్బు కనిపిస్తే, గాలి ఇంకా హాయిగా ఉన్నప్పుడే దించెయ్యాలి. ఎగరడం నేర్పే ప్రతివాళ్లూ ముందుగా ఈ దించడం నేర్పాలి. రైలును ఆపడం పిరికితనమని పాంబన్‌లో ఎవరూ అనుకోలేదు. కైట్ దించినవాణ్ణి కూడా ఎవరూ అలా అనుకోకూడదు.